సైరనమ్మ గొంతు తగ్గించిన వారం

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది. అది జీతం కాగితం మీద మాత్రమే వాడుకలో ఉంది. ఆమె పనిచేసే కేంద్రంలో అందరూ ఆమెను సైరనమ్మ అనే పిలుస్తారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె పలుకుతుంది కూడా. పలికాక ఆ పేరెందుకొచ్చిందని కొత్తవాళ్ళు ఇంకెవర్నీ అడగరు.

ఆమె ఎవరి చెవిలోనైనా గుసగుసగా ఒక మాట చెబితే, వీధి చివర ఆగిన బస్సులో కండక్టరు తల తిప్పి చూస్తాడు. "రహస్యాలుంటే నాకు చెప్పకండమ్మా, నా దగ్గర నిలవ ఉండవు" అని ఆమే ముందుగా హెచ్చరిస్తుంది. ఈ కథ నాకు చెప్పిన రోజు నేను కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకున్నాను. ఆమె ఏమీ అనుకోకుండా తన కుర్చీని రెండడుగులు ముందుకు జరుపుకుంది.

ఈ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై రెండేళ్ళు మరమగ్గాల షెడ్డులో పనిచేసింది. ఒకే రేకుల కప్పు కింద ఎనభై మగ్గాలు.

"పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు" అంది.

"మరి మాట్లాడుకోవాలంటే గొంతు చించుకునేవాళ్ళా?"

"అక్కడ గొంతెందుకు, దండగ. ఎంత అరిచినా మగ్గమే గెలుస్తుంది. ఎదురుగా నిలబడి నోరు కదిపితే చాలు. అక్కడ పోగు తెగింది, ఇక్కడ నూలు కండె అయిపోయింది, నీ మొగుడొచ్చి గేటు దగ్గరున్నాడు, అన్నీ పెదాల మీదే. నాలుగు మగ్గాల అవతల నుంచి మా జట్టువాళ్ళు నన్ను తిట్టినా నాకు తెలిసేది. నేను తిరిగి తిట్టేదాన్ని."

"అయితే ఈ గొంతు ఎక్కడిది?"

"బయటికొచ్చాక వచ్చింది. బయటివాళ్ళకు పెదాలు చదవడం రాదు కదా. పైగా చెవుల్లో మగ్గాలు ఇంటిదాకా వచ్చేవి. వాటి మీదుగా మాట్లాడాలంటే అరవాల్సిందే. అలవాటైపోయింది."

షెడ్డు మూతపడింది. మగ్గాలు పాత ఇనుము కింద పోయాయి. గొంతు మాత్రం ఆమెతోనే వచ్చేసింది. రెండేళ్ళ కిందట ఈ పగటి సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా చేరింది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళు, మోకాళ్ళకు ఆపరేషన్ అయినవాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు ఇక్కడికి పొద్దున తొమ్మిదికి వ్యానులో వస్తారు, సాయంత్రం నాలుగుకు అదే వ్యానులో వెళ్ళిపోతారు. ఈలోగా వాళ్ళను దించడం, కూర్చోబెట్టడం, నడిపించడం, పదకొండుకు మాత్రలు గుర్తుచేయడం ఆమె పని.

పనిలో వంక పెట్టడానికి లేదు. ఎవరి చొక్కా గుండీ ఒకటి ఎగుడుదిగుడైనా వ్యాను మెట్టు మీదే సరిచేస్తుంది. లేవలేనివాళ్ళను లేపేటప్పుడు చంకల కింద ఎక్కడ చెయ్యి వేస్తే నొప్పెట్టదో ఆమె చేతులకు తెలుసు. వంకంతా ఆ గొంతుతోనే. "పెద్దమ్మా, బాత్‌రూముకెళ్ళాలా" అని ఆమె ఆప్యాయంగా అడిగితే, ఆ పెద్దమ్మ అవసరం హాలు మొత్తానికి తెలిసిపోయేది.

తలుపు దగ్గర దారానికి కట్టి ఒక ఫిర్యాదుల పుస్తకం వేలాడుతూ ఉంటుంది. దాంట్లో రాసేది ఒకే ఒక్క మనిషి, రేకుల మేస్త్రి. నలభై ఏళ్ళు రేకుల మీద సుత్తి కొట్టి కొట్టి వినికిడి పోగొట్టుకున్న మనిషి. చెవికి మిషను ఉంది. జారిపడి తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక, రోజూ నడవాలని డాక్టరు రాసిచ్చాడు. హాలు మధ్య నుంచి కిటికీ దాకా ఇరవై అడుగులు నడిపించి తీసుకురావాలని ఆయన కాగితంలో ఉంది. ఆరు నెలలుగా ఆయన కిటికీవైపు ఒక్క అడుగు వేయలేదు. వచ్చీ రాగానే కుర్చీని గోడవైపు తిప్పించుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాడు. వెనక నుంచి ఎవరు పిలిచినా పలకడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఆ ఎముక ఎందుకు కొరుకుతున్నావని అడిగాడట. ఈయన ఆ మాట కూడా అడగడు. మిషను తీసి జేబులో వేసుకుంటాడు.

ఒక సోమవారం ఇన్‌ఛార్జ్ మేడమ్ సైరనమ్మను గదిలోకి పిలిచి పుస్తకం ముందు పెట్టింది. మేస్త్రి పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "నాకు వినపడదు. అయినా ఈమె అరుపు వినపడుతోంది."

"ఏమ్మా, చెవిటాయనే గోల అని రాశాడంటే ఇంక చెవులున్నవాళ్ళ సంగతేంటి?"

"ఆయనకు వినపడాలనే కదా మేడమ్ నేను..."

"నా దగ్గర అరవకు. నాకు వినపడుతోంది." మేడమ్ చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆమె మీద పైవాళ్ళున్నారు. "నీ ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఈసారి అందరికీ శిక్షణ పెట్టి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్ళకే మళ్ళీ రాయమన్నారు. మూడు రోజులు క్లాసు, తర్వాత వారానికి పరీక్ష. యాభైకి ముప్పై రావాలి. నువ్వు ఒక్క గొంతు చూసుకో, చాలు."

సైరనమ్మకు నలభై ఎనిమిదేళ్ళు. ఒక షెడ్డు మూతపడటం చూసింది. ఈ వయసులో మళ్ళీ గేటు గేటుకూ తిరిగి పని అడగడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. అంతకన్నా ముఖ్యం, ఈ పని ఆమెకు నచ్చింది. "మగ్గానికి ఎంత చేసినా బాగున్నావా అని అడగదు కదా" అంది నాతో. ఆ మాట మాత్రం కొంచెం మెల్లగానే అంది.

శిక్షణకు వచ్చిన సారు ఎప్పుడూ నవ్వుతూనే ఉండే మనిషి. దట్టమైన మీసం, దాని కింద వరసగా పళ్ళు. బోర్డు మీద "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. అందరికీ తలో చేతి అద్దం ఇచ్చాడు. అద్దంలో చూసుకుంటూ నవ్వాలి, ఆ నవ్వు చెదరకుండా "మీకేం కావాలండీ" అనాలి. ఎదుటి మనిషి మీద పడ్డట్టు నిలబడకూడదు, పక్కగా నిలబడాలి. గొంతు పావురం ఈకలా ఉండాలి. ఎదుటివాళ్ళు చెప్పింది మనం తిరిగి చెప్పాలి. అప్పుడు మనం విన్నామని వాళ్ళకు నమ్మకం కుదురుతుంది.

ఇది ఆడి చూపించమని సారు కేంద్రంలో వంట చేసే ఆయన్ను రోగిగా కూర్చోబెట్టి, సైరనమ్మను ముందుకు పిలిచాడు.

"నాకు ఆకలేస్తోంది" అన్నాడు వంటాయన.

"మీకు ఆకలేస్తోందన్నమాట" అంది సైరనమ్మ, పళ్ళన్నీ కనబడేలా.

"అదే చెప్పాను."

"అదే చెప్పానంటున్నారన్నమాట."

"ఏమైనా పెడతావా, పెట్టవా?"

"పెడతావా పెట్టవా అని అడుగుతున్నారన్నమాట."

"సార్, ఈవిడ పాసయ్యేలోగా నేను పోతాను" అన్నాడు వంటాయన.

సారు నవ్వుతూనే రాసుకున్నాడు. గొంతు దగ్గర మాత్రం పెన్ను ఆపి, "ఇంకా తగ్గాలమ్మా" అన్నాడు. "ఎంత సార్?" అని ఆమె అడిగితే, బోర్డు మీది సుద్దముక్క కింద పడింది.

ఆ సాయంత్రం నుంచే సాధన మొదలైంది. ఆమె భర్త వాచీలు బాగుచేస్తాడు. ఒంటి కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి కూడా లెక్కగా పీల్చే మనిషి. ఇరవై ఐదేళ్ళుగా భార్య గొంతు ఆయన పనికి అడ్డురాలేదు. ఏరు పక్కన ఇల్లున్నవాడికి ఏటి చప్పుడు వినపడదు కదా. ఆ రోజు సైరనమ్మ పిల్లి నడకతో వచ్చి, పక్కగా నిలబడి, నవ్వు ముఖంతో, "ఏవయ్యా, మంచినీళ్ళు కావాలా" అని పావురం ఈకలా అడిగింది.

ఆయన చేతిలోని చిన్న పట్టకారు జారి బల్ల మీద పడింది. భూతద్దం తీసి ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"ఎవరికేమైందే?"

"ఎవరికీ ఏం కాలేదు."

"డాక్టరు దగ్గరికెళ్ళావా?"

"లేదయ్యా, మంచినీళ్ళు..."

"నా దగ్గర దాచకు. ఏదైనా ఇద్దరం కలిసే పడదాం."

ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. ఆమె మర్నాడు కూడా అలాగే మాట్లాడేసరికి, చెల్లెలికి ఫోను చేసి "మీ వదిన నవ్వుతోంది, మెల్లగా మాట్లాడుతోంది, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు.

కేంద్రంలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ గోడ గడియారం ఒకటుంది గానీ, దాన్ని ఎవరూ చూసేవారు కాదు. పదకొండుకు "మాత్రలూ" అని సైరనమ్మ అరిస్తే పదకొండైనట్టు. నాలుగుకు "వ్యానొచ్చింది" అంటే పెరట్లో ఉన్నవాళ్ళు కూడా చెప్పులు వెతుక్కునేవారు. ఇప్పుడు ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, పక్కగా నిలబడి, ఈకలు రాలుస్తోంది. అందరికీ చెప్పడం పూర్తయ్యేసరికి పన్నెండున్నర. బుధవారం ఇద్దరు వ్యాను ఎక్కలేదు. వ్యాను మళ్ళీ వెనక్కి రావాల్సివచ్చింది.

లెక్కల టీచరమ్మ అందరికన్నా ఎక్కువ నొచ్చుకుంది. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయినా నాలుక మీద ఎక్కాలు చెదరని మనిషి. ఆవిడ కుర్చీ కిటికీ పక్కన. వాన పడితే పైన చూరు నుంచి నీళ్ళు కారుతాయని అక్కడ ఒక బకెట్టు శాశ్వతంగా ఉంచారు.

"ఏమ్మాయ్, మీ మేడమ్ నీ గొంతు కోసేసిందా?" అంది టీచరమ్మ.

"పరీక్షండీ, పిన్నిగారూ. మెల్లగా మాట్లాడాలి."

"నిన్న నా మాత్ర గంటన్నర ఆలస్యం. రోజుకు గంటన్నర చొప్పున పదహారు రోజులైతే నేను ఒక రోజు మొత్తం మాత్ర లేకుండా ఉన్నట్టు. లెక్క వేశారా మీ సారు?"

పరీక్ష రోజు వచ్చింది. ఎవరికి ఎవరు పడతారో చీటీలు తీశారు. వంటాయనకు చూపు తగ్గిన ఒక తాత పడ్డాడు. తాతకు దగ్గులు నేర్పినట్టు ఆయనకు మర్యాదలు చెప్పి పదినిమిషాల్లో పాసైపోయాడు. సైరనమ్మ తన చీటీ విప్పింది. "రేకుల మేస్త్రి. కిటికీ దాకా నడిపించి తీసుకురావాలి." హాలంతా ఒకసారి నిట్టూర్చింది. వంటాయన వచ్చి, "అక్కా, దిగులు పడకు. నేను ఇంకెక్కడైనా వంటకు కుదిరితే నీకు చెబుతాలే" అని ధైర్యం చెప్పాడు.

సారు కుర్చీ వేసుకుని అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు. అయిదు గళ్ళు: చిరునవ్వు, గొంతు, వినడం, మర్యాద, ఫలితం. ఒక్కోదానికి పది. సైరనమ్మ వెళ్ళి, నేర్పినట్టే మేస్త్రి కుర్చీకి పక్కగా నిలబడింది. నవ్వింది. ఈకలా అడిగింది.

"బాబాయ్, నడుద్దామా?"

మేస్త్రి గోడను చూస్తున్నాడు.

"బాబాయ్, మీకు నడవాలని లేదన్నమాట."

గోడ మీద ఒక చీమ పోతోంది. మేస్త్రి చీమను చూస్తున్నాడు. మూడోసారి అడిగేసరికి చెయ్యెత్తి, మిషను తీసి జేబులో వేసుకుని, పైన గుండీ పెట్టుకున్నాడు.

సారు ఏదో రాశాడు. ఆ పెన్ను గీత సైరనమ్మ చెవికి మగ్గం మోగినంత పెద్దగా వినపడింది. ఆమెకు ఊపిరి పొత్తికడుపులో నుంచి లేచింది. అది వచ్చే దారి హాల్లో అందరికీ తెలుసు. టీచరమ్మ కుడిచేత్తో ఒక చెవి మూసుకుంది. వంటాయన గిన్నె కింద పెట్టేశాడు. మేడమ్ కళ్ళు మూసుకుంది.

సైరనమ్మ అరవలేదు. ఊపిరి గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. గొంతు ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. షెడ్డులో అవతలి మగ్గం మనిషి చూపు పట్టుకోవాలంటే ఏం చేసేవారో ఆ చెయ్యి అదే చేసింది. కుర్చీ చెక్క మీద రెండుసార్లు గట్టిగా తట్టింది. ఆ అదురు వీపుకు తగిలి మేస్త్రి ఉలిక్కిపడి తల తిప్పేలోగా, సైరనమ్మ గోడకూ ఆయన మోకాళ్ళకూ మధ్య ఉన్న జానెడు సందులోకి దూరింది. ఆమె సన్నని మనిషి కాదు. గోడ క్యాలెండరు ఒకటి ఊడి కింద పడింది. అయినా దూరి, అక్కడే నేల మీద చతికిలబడి, ముఖం వెలుతురుకు పెట్టి, చప్పుడు లేకుండా నోరు కదిపింది.

"లేస్తావా, లేవవా?"

మేస్త్రి ఆమె నోటివంక చూశాడు. ముందు అనుమానంగా, తర్వాత పరాయి ఊళ్ళో సొంత ఊరి మనిషి కనబడ్డట్టు. ఆయన పెదాలు కూడా కదిలాయి. చప్పుడు లేదు.

నలభై ఏళ్ళు రేకుల కొట్టులో, ఒకేసారి ఆరు సుత్తులు మోగుతుంటే, ఆయన మాత్రం ఎలా మాట్లాడి ఉంటాడు?

తర్వాత పదినిమిషాలు హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఇద్దరూ గబగబా నోళ్ళు కదుపుతున్నారు, చేతులు తిప్పుతున్నారు. ఒకసారి మేస్త్రి కిటికీవైపు వేలు చూపించి ఏదో అన్నాడు. సైరనమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆమె ఏదో అంది, ఆయన భుజాలు ఎగరేసి నవ్వాడు. ఆరు నెలల్లో ఆయన పళ్ళు చూడటం మేడమ్‌కు అదే మొదలు. సారు పెన్ను నోట్లో పెట్టుకుని ఏ గడిలో ఏం రాయాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

మేస్త్రి లేచాడు. సైరనమ్మ ఇంకా సందులో ఇరుక్కుని ఉంటే, ఆయనే చెయ్యిచ్చి లాగాడు. తర్వాత ఆమె భుజం పట్టుకుని, కిటికీకి సరిగ్గా వ్యతిరేక దిక్కున, తలుపు దాటి, వరండా చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాడు. టీచరమ్మ లెక్కపెట్టింది. రానూ పోనూ తొంభై నాలుగు అడుగులు.

"ఏం మాట్లాడారమ్మా?" అన్నాడు సారు.

సైరనమ్మ గొంతు సర్దుకుంది. "కిటికీ పైన చూరు రేకు తప్పు వేశారట సార్. పై రేకు అంచు కింది రేకు మీదికి రావాలట. వీళ్ళు పై రేకును కింద దూర్చారట. నీళ్ళకు దారి చూపించి లోపలికి రమ్మన్నట్టట. వచ్చిన మొదటిరోజే చూశాడట. ఆ దరిద్రం చూస్తూ రోజూ దానివైపే నడవమంటే, కాళ్ళలో సత్తువ పోతుందట. తలుపువైపైతే ఎంత దూరమైనా నడుస్తాడట."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగినవాళ్ళంతా వీపుకు చెప్పి పోయారంటున్నాడు."

సారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, అలవాటు మీద. మేస్త్రి ఆయన ముఖాన్ని పరీక్షగా చూసి, సైరనమ్మతో పెదాలు కదిపాడు. ఆమె చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"చెప్పమ్మా, పర్వాలేదు."

"మీరు నవ్వుతూ మాట్లాడితే నోరంతా ఒకే తీరుగా ఉంటోందట, ఏ మాటా తెలీట్లేదట. దానికి తోడు మీసం అడ్డమట. కొంచెం కత్తిరిస్తే మీరు కూడా మంచివారేనేమో చూస్తాడట."

మొట్టమొదటిసారి సారు నవ్వు ఆగింది. ఆయన నోరు మూసుకుని అట్టవైపు తిరిగి మార్కులు కూడాడు. నవ్వు నాలుగు, వినడం తొమ్మిది, మర్యాద ఎనిమిది, కిటికీ చేరలేదు కనుక ఫలితం అయిదు. గొంతు గడి దగ్గర ఏమీ రాయలేకపోయాడు. అక్కడ పెద్దగొంతుకు సున్నా, మామూలుకు అయిదు, మెల్లనికి పది అని అచ్చువేసి ఉంది. గొంతే వాడకపోతే ఎన్ని మార్కులో అందులో లేదు.

"మొత్తం ఇరవై ఆరు" అన్నాడు చిన్నగా. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనబడింది.

 సైరనమ్మ క్యాలెండరు తీసి మళ్ళీ మేకుకు తగిలించింది. ఆమె నోరు తెరవకపోవడం చూసి హాలంతా భయపడింది.

మేస్త్రికి లెక్క వినపడలేదు గానీ ముఖాలు కనబడ్డాయి. ఎవరి సాయమూ లేకుండా గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళి, ఫిర్యాదుల పుస్తకం తెరిచి నిలబడే రాశాడు. మేడమ్ అది పైకి చదివింది: "ఆరు నెలల్లో నాకు ఎదురుగా వచ్చి మాట్లాడింది ఈమె ఒక్కతే. ఈమెను పంపేస్తే రేపటి నుంచి నేను వ్యాను ఎక్కను. అరుపు సంగతి వేరే. దానిమీద నా పాత ఫిర్యాదు అలాగే ఉంది."

"పుస్తకంలో ఏం రాసినా పైవాళ్ళకు కావాల్సింది మార్కులు కదమ్మా" అంది మేడమ్ దిగులుగా.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి నాయనా" అంది లెక్కల టీచరమ్మ. సారు ఇచ్చాడు. బడి మానేసి ఎన్నాళ్ళైనా, టీచరు కాగితం అడిగితే ఇవ్వకుండా ఉండే మనిషి లేడు. ఆవిడ ముక్కు మీదికి కళ్ళద్దాలు జారవిడిచి చూసింది. "గొంతు తగ్గేకొద్దీ మార్కు పెరుగుతోంది. పెద్దగొంతుకు సున్నా, మామూలుకు అయిదు, మెల్లనికి పది. అవునా?"

"అవునండీ."

"మరి మెల్లనికన్నా తగ్గితే పదిహేను రావాలి. మీ గడిలో పదికన్నా పట్టదు కాబట్టి పదే వెయ్యండి. ఇరవై ఆరూ పదీ ఎంత?"

"ముప్పై ఆరు" అన్నాడు సారు, చేతులు కట్టుకుని.

"పాస్. ఇంకెప్పుడూ గడి ఖాళీగా వదలకు."

ఆ సాయంత్రం సైరనమ్మ ఇంటికి వచ్చి, గుమ్మంలో నుంచే, "ఏవయ్యా, ఉద్యోగం ఉంది" అంది. నాలుగిళ్ళ అవతల కుక్క మొరిగింది. లోపల వాచీలాయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, వారం రోజుల తర్వాత కడుపు నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, ఒంట్లో బాగానే ఉందన్నమాట" అన్నాడు.

చూరు రేకును నెల తర్వాత సరిచేశారు. మేస్త్రి కింద కుర్చీ వేయించుకుని కూర్చుని, పనివాళ్ళకు చేతులతో చెప్పాడు. బకెట్టు వంటింట్లోకి పోయింది. ఇప్పుడాయన కిటికీ దాకా కూడా నడుస్తాడు, కాకపోతే అక్కడ ఆగి రేకును ఒకసారి చూసుకుంటాడు. సైరనమ్మ అందరితోనూ కొంచెం దగ్గరకు వెళ్ళి, ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో మాట్లాడుతోంది. మామూలంటే ఆమె మామూలు.

ఒక్క మినహాయింపు ఉంది. టీచరమ్మ అర్జీ పెట్టగా మేడమ్ సంతకం చేసిన కాగితం గోడ మీద అంటించారు. రోజుకు ఒక్కసారి, సరిగ్గా పదకొండుకు, మాత్రల కోసం, పూర్తి గొంతు వాడుకోవచ్చు. నేను చూడటానికి వెళ్ళిన రోజు పదకొండుకు రెండు నిమిషాలుండగా మేస్త్రి మిషను తీసి జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీని ఆమెవైపు తిప్పుకుని, నోరు ఎప్పుడు తెరుస్తుందా అని ముందుకు వంగి కూర్చున్నాడు.